పాట చేతి వెంట నడవాలి

ప్రశ్న: నమస్తే అండీ. మాది విశాఖలో మద్దిలపాలెం. బాబుకి ఐదేళ్ళు నిండాయి, పాపకి మూడు. పొద్దున్న ఆరున్నర నుంచి స్కూలు ఆటో వచ్చేదాకా ఇల్లు సంతలా ఉంటుంది. బ్రష్ అనగానే ఒకడు మంచం కింద దూరతాడు, తలమీద నీళ్ళనగానే ఇంకొకతె గుమ్మం దాటేస్తుంది. పాటలా చెబితే వింటారేమోనని నేనే కొన్ని రాశాను. పళ్ళ పాట ఇది:

ప్రతిదినమూ ఉదయాన్నే దంతధావనం చేయాలి
పళ్ళు శుభ్రంగా ఉంచుకోవాలి
లేకపోతే పురుగులు పడతాయి
మంచి పిల్లలు మారాం చేయరు

మొదటిరోజు విన్నారు. రెండోరోజు బాబు "ఆ పాట వద్దమ్మా" అనేశాడు. తప్పెక్కడుంది? ఇంకో మూడు సందేహాలు. ఇంట్లో మాది ఉత్తరాంధ్ర మాటే, "ఏటి, ఎల్దాం" అనే అంటాం. పాటలో అలా రాయొచ్చా, పుస్తకాల భాషే ఉండాలా? ఇద్దరికీ ఒకే పాట పనికొస్తుందా? మా వీధి అంగన్‌వాడీ టీచరుగారు ఈ పాటలు కాగితం మీద అచ్చేసి ఇమ్మన్నారు. ఎలా వేయిస్తే బాగుంటుంది?

సమాధానం: మీ బాబు "వద్దమ్మా" అన్నది పళ్ళు తోముకోవడాన్ని కాదు, పాటనే. అది మంచి సంగతి. పాటను సరిచేసుకోవడం పిల్లవాణ్ణి సరిచేయడం కంటే చాలా తేలిక.

ముందు మీ నాలుగు పాదాలనూ చిటికెలు వేసి చూద్దాం. పొట్టి అక్షరానికి ఒక చిటికె. దీర్ఘానికీ, సున్నా ఉన్న అక్షరానికీ, కింద ఒత్తు ఉన్న అక్షరానికి ముందున్న అక్షరానికీ రెండేసి చిటికెలు. ఈ చిటికెనే ఛందస్సులో మాత్ర అంటారు. అలా లెక్కేస్తే మీ మొదటి పాదం 25 మాత్రలు, రెండోది 17, మూడోది 16, నాలుగోది 15 వస్తాయి. నోటితో చదివినప్పుడు ఈ తేడా పెద్దగా తెలియదు, కానీ చేతిలో బ్రష్ ఉంటే వెంటనే తెలిసిపోతుంది. బ్రష్ ఒకే లయలో ఆడుతుంటే పాట ఒకచోట పరిగెత్తి ఇంకోచోట ఆగిపోతుంది. అప్పుడు పిల్లవాడు చేయి ఆపి పాట వినాలి, లేదంటే పాట వదిలేసి తోముకోవాలి. రెండూ కలవవు.

ఇలాంటి పాటకు అసలు సూత్రం ఇదొక్కటే: నడకను కాగితం మీద కాక పని చేసే చేతిలో వెతకాలి. రాయడానికి కూర్చునే ముందు ఒక పూట ఏమీ అనకుండా పనిని చూడండి. చేయి ఎన్ని దెబ్బలకు ఒకసారి మలుపు తిరుగుతోంది, పని ఎంతసేపు పడుతోంది, ఆ సమయంలో పిల్లవాడి నోరు ఖాళీగా ఉందా లేదా, ఈ మూడూ చూసుకుంటే పాట సగం రాసినట్టే.

మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. పళ్ళు తోముకుంటున్నప్పుడు పిల్లవాడు పాడలేడు, నోటినిండా నురగ. కాబట్టి పళ్ళ పాట పెద్దవాళ్ళు పాడేది. పిల్లవాడి వంతుకు మూసిన నోటితో "ఊఁ" అనే చోటు ఒకటి ఉంచాలి. చేతులు కడుక్కునేటప్పుడు నోరు ఖాళీ, ఆ పాట పూర్తిగా వాడిదే. అన్నం దగ్గర ముద్దకూ ముద్దకూ మధ్యనే పాడాలి. ముద్ద నోట్లో ఉండగా నవ్వించారంటే పొలమారుతుంది, చిన్నపిల్లలకు అది ప్రమాదం కూడా. అందుకే అన్నం పాటలో గమ్మత్తు మాట ఎప్పుడూ ముద్ద మింగాక రావాలి.

ఇక పళ్ళ పాట. చిన్నపిల్లలకు బ్రష్‌ను అడ్డంగా రంపంలా లాగడం కాకుండా, చిగురూ పన్నూ కలిసే చోట చిన్న చిన్న గుండ్రాలు తిప్పమని చెబుతారు. మొత్తం రెండు నిమిషాలు, రోజుకు రెండుసార్లు. నోటిని నాలుగు భాగాలు చేసుకుంటే ఒక్కో భాగానికి అర నిమిషం. గుండ్రం తిప్పే చేతికి నాలుగేసి మాత్రల నడక సరిగ్గా అతుకుతుంది. దాన్నే చతురశ్రగతి అంటారు. పాదానికి నాలుగు నాలుగులు, అంటే 16 మాత్రలు:

గుండ్రం గుండ్రం చిన్నీ గుండ్రం
పళ్ళకు పొద్దుట పండగ సందడి
మూలన దాగిన జంతిక ముక్కా
బైటికి రావే ఆటొచ్చిందీ

"గుండ్రం" ఒక నాలుగు, "పళ్ళకు" ఒక నాలుగు, "పొద్దుట" ఒక నాలుగు. అలా చివరిదాకా ఎక్కడా విరగదు. ఒక్కో నాలుగుకు ఒక సెకను తీసుకుంటూ నెమ్మదిగా పాడితే పాదం నాలుగు సెకన్లు, పాట పదహారు సెకన్లు. రెండుసార్లు పాడితే నోటిలో ఒక భాగం పూర్తవుతుంది, ఎనిమిదిసార్లు పాడితే రెండు నిమిషాల మీద ఎనిమిది సెకన్లు. ఇక గడియారం చూడనక్కరలేదు. భాగం మారిందని తెలియడానికి రెండేసి సార్లకొకసారి మొదటి పాదాన్ని మార్చండి:

పై వరసంతా కుడిచెంపంతా
పై వరసంతా ఎడమకు పోదాం
కిందకి దిగుదాం కుడిచెంపంతా
కిందనె ఉందాం ఎడమకు పోదాం

మిగతా మూడు పాదాలూ అవే. "జంతిక ముక్కా" అన్నాక ఒక్క క్షణం ఆగండి, పిల్లవాడు "ఊఁ" అంటాడు. రాత్రి పూట "పొద్దుట" తీసేసి "రాతిరి" పెట్టండి, చివరి పాదాన్ని "బైటికి రావే నిద్దర వేళా" చేయండి, లెక్క చెడదు. నిజానికి రాత్రి తోమడమే ఎక్కువ ముఖ్యం. తిన్నదంతా రాత్రంతా పళ్ళ మీద ఉండిపోతుంది, నిద్రలో లాలాజలం కూడా తగ్గుతుంది. పేస్టు మూడేళ్ళు నిండేదాకా బియ్యపు గింజంత, మూడు నిండాక ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత చాలు. మింగకుండా ఉమ్మేయాలి. ఏడేళ్ళు వచ్చేదాకా పిల్లలు తోముకున్నాక పెద్దవాళ్ళు ఒకసారి చేయి వేయక తప్పదు. పాట మీరే పాడాలి కాబట్టి మీరు ఎలాగూ అక్కడే ఉంటారు.

ఇక్కడే మీ పాటలో నడక కంటే పెద్ద లోపం కనిపిస్తుంది. మీ నాలుగు పాదాల్లోనూ ఎవరో పైనుంచి మాట్లాడుతున్నారు. చేయాలి, ఉంచుకోవాలి, పడతాయి, చేయరు. తప్పు చేసేది పిల్లవాడు, దండించేది పాట. దాన్ని తిరగేయండి. పాటలో అల్లరి చేసేది పిల్లవాడు కాకూడదు. జంతిక ముక్కో, బూటో, దువ్వెనో, సబ్బో కావాలి. దాన్ని దారిలో పెట్టే పెద్దరికం పిల్లవాడికి ఇవ్వాలి. మీ బాబు మంచం కింద దాక్కుంటాడు కదా, ఇప్పుడు దాక్కున్నది జంతిక. వాడే దాన్ని వెతికి బయటికి లాగుతాడు. పని అదే, హోదా మారింది.

"పురుగులు పడతాయి" అన్న పాదాన్ని ఈరోజే కొట్టేయండి. పన్ను పుచ్చడానికి కారణం పురుగు కాదు. నోట్లో ఉండే సూక్ష్మజీవులు తీపినీ పిండినీ ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లం పన్ను పైపొరను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. నోట్లో పురుగు పాకుతోందన్న ఊహ ఐదేళ్ళవాడికి భయం పుట్టిస్తుంది. ఆ భయంతో వాడు రేపు పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరవడు. బూచాడూ, పోలీసూ, సూదిమందూ అన్నీ ఇదే కోవలోకి వస్తాయి. వాటితో ఆ పూట పని జరగొచ్చు గానీ మర్నాటి పని మరింత బరువవుతుంది. "మంచి పిల్లలు" అన్న మాటా వద్దు. అది విన్న ప్రతిసారీ వాడికి "నేను కాదన్నమాట" అనే వినిపిస్తుంది.

పాప తలస్నానం సంగతికి వద్దాం. నీళ్ళంటే ఉండే భయంలో ఎక్కువ భాగం అవి ఎప్పుడు మీద పడతాయో తెలియకపోవడం వల్ల వచ్చేదే. కాబట్టి ఈ పాట చేయవలసిన పని ముందుగా చెప్పడం. ఆర్కే బీచ్‌లో ఇసుక మీద నిలబడి అల కోసం ఎదురుచూసిన పిల్లకు ఇది తెలిసిన ఆటే: అల్లంత దూరాన కనిపిస్తుంది, దగ్గరికొస్తుంది, పాదం తాకుతుంది. ఆ ఊగుడుకు మూడేసి మాత్రల నడక, అంటే త్రిశ్రగతి బాగుంటుంది:

అదుగొ అదుగొ అలా అలా
పాదమంటి కిలా కిలా
పొట్టమీద గలా గలా
భుజాలెక్కి జలా జలా
తలకు మటుకు అడిగి వచ్చు
ఒకటి రెండు మూడు, ఝుమ్!

మగ్గు నిజంగా పాదాల దగ్గరే మొదలవ్వాలి. పాట "పొట్టమీద" అంటుంటే నీళ్ళు తలమీద పడ్డాయంటే నమ్మకం పోతుంది, మళ్ళీ సంపాదించడానికి వారం పడుతుంది. "మూడు" అన్నాక కళ్ళు మూసుకోవడానికీ ఊపిరి బిగపట్టడానికీ ఒక్క క్షణం ఇచ్చి, అప్పుడు "ఝుమ్". "రెండు" అన్న దగ్గరే పోసేసి నవ్వించాలని ఎప్పుడూ చూడకండి. "అడిగి వచ్చు" అన్నారు కాబట్టి నిజంగానే అడగాలి. పాప తల అడ్డంగా ఊపితే ఆ పూట తలకు నీళ్ళు లేవు, భుజాలతో సరి. రెండు మూడు పూటల తరవాత తనే "ఒకటి" అని మొదలుపెడుతుంది. వేసవిలో మన ఉప్పు చెమటకు సాయంత్రం కూడా ఒళ్ళు కడగాల్సిందే. అప్పుడు మొదటి నాలుగు పాదాలే పాడి ఆపేయండి.

చేతుల పాట ఇందుకు పూర్తిగా వేరు. ఇది పిల్లలే పాడుకునేది, పైగా ఇందులో వరస ముఖ్యం. సబ్బు రాసి కనీసం 20 సెకన్లు రుద్దాలి. అరచేతులు, చేతి వెనక, వేళ్ళ సందులు, బొటనవేలు, గోళ్ళు, ఏదీ పోకూడదు. పిల్లలు ఎప్పుడూ వదిలేసేది బొటనవేలూ గోళ్ళూ. అందుకని వాటికి పాటలో ఎక్కువ చోటు ఇవ్వాలి:

అరచెయ్యికి అరచెయ్యే నేస్తం
వెనకొకసారీ వీపులు తోమీ
వేళ్ళకు వేళ్ళకు మధ్యన సందూ
సందున దూరిన మట్టికి మందూ
బొటనయ్యొకడే ఒంటిగ ఉంటే
గుప్పిట పట్టీ గుండ్రం తిప్పూ
గోళ్ళను అరచేతులలో గీసీ
పంపును తిప్పితె పారే నురగా

ఇదీ నాలుగు నాలుగుల నడకే, కానీ పళ్ళ పాటకన్నా చురుగ్గా, పాదానికి మూడు సెకన్ల చొప్పున. రుద్దడానికి ఏడు పాదాలు, 21 సెకన్లు. ఎనిమిదోది కడుక్కోవడానికి. పంపు ఆ ఎనిమిదో పాదం దాకా కట్టేసే ఉండాలి, నీళ్ళూ మిగులుతాయి. ఎనిమిది పాదాలూ మూడేళ్ళ పాప నోటికి రావు. తనకు "అరచెయ్యికి అరచెయ్యే నేస్తం" ఒక్కటే పదే పదే చాలు, మిగతాది అన్న పాడతాడు.

మీరడిగిన "ఇద్దరికీ ఒకే పాటా?" అన్నదానికి జవాబు ఇందులోనే ఉంది. పాట ఒకటే కావచ్చు, వంతులు వేరు కావాలి. మూడేళ్ళవాళ్ళకు రుచించేది శబ్దం. గలగల, జరజర, టపటప, బుడుబుడు, కరకర, ఇలాంటి జంట మాటలు తెలుగులో ఎన్నో ఉన్నాయి. వాటి తరవాత పెదవులు కలిపి పలికే ప, బ, మ. పసిపిల్లల నోటికి మొదట పట్టుబడేవి అవే. ర, ళ, ష, ఒత్తు అక్షరాలు ఆలస్యంగా వస్తాయి. "దంతధావనం" లాంటి మాటలో వాళ్ళ నాలుక రెండుచోట్ల తట్టుకుంటుంది. తట్టుకున్న పాటను ఎవరూ మళ్ళీ ఎత్తుకోరు. పాప "గుండ్రం" అనలేక "గున్నం" అంటే అననివ్వండి, పాట మధ్యలో దిద్దకండి.

ఐదేళ్ళవాడికి శబ్దం చాలదు, వాడికి తప్పు పట్టుకోవడం ఇష్టం. పెద్దవాళ్ళు పొరపాటు చేస్తే వాడి ఆనందానికి హద్దుండదు. ఇలా ఒకటి వాడి ముందు పాడి చూడండి:

బూటును తలకూ టోపీ కాలికి
సబ్బును తింటా ఇడ్లీ పూస్తా

పాదం పూర్తికాకుండానే "కాదూ, కాదూ" అంటూ అన్నీ సరిచేసి చెబుతాడు. చెబుతూనే బూట్లు తొడిగేసుకుంటాడు. ఈ తప్పుల పాట మాత్రం పాప దగ్గర పాడకండి. మూడేళ్ళకు హాస్యమేదో నిజమేదో ఇంకా పూర్తిగా విడిగా తెలియకపోవచ్చు, సబ్బు నిజంగానే నోట్లో పెట్టుకోగలదు.

తెలుగువాళ్ళ నోట్లో సహజంగా ఉన్న ఇంకో ఆట ఉంది, ఎందుకో పిల్లల పాటలు రాసేవాళ్ళు దాన్ని తక్కువగా వాడతారు. పాలూ గీలూ, సబ్బూ గిబ్బూ, టవలూ గివలూ. మొదటి అక్షరం పొట్టిదైతే గి, పొడుగుదైతే గీ. నాలుగేళ్ళు దాటిన పిల్లలు ఈ కిటుకు ఒక్క పూటలో పట్టేసి ఇంట్లో ప్రతి వస్తువుకీ అతికిస్తారు. పాపకు జడ వేసేటప్పుడు ఇది పనికొస్తుంది. జడకు మూడు పాయలు, పాటకు మూడు మాత్రలు:

నూనె గీనె రాసినాక
కుడిది నడుమ ఎడమ నడుమ
పాము పాము జరా జరా
రిబ్బనేది గిబ్బనేది

"కుడిది నడుమ" అన్నప్పుడు కుడి పాయ నిజంగా మధ్యకు రావాలి, "ఎడమ నడుమ" అన్నప్పుడు ఎడమది. జడ పొడుగును బట్టి రెండూ మూడూ పాదాలను తిప్పి తిప్పి పాడండి. చిక్కు తగిలితే పాట ఆపేయండి. నొప్పి పుట్టే క్షణాన పాట సాగుతుంటే ఆ పాట వినగానే నొప్పే గుర్తొస్తుంది. చిక్కు తీశాకే మళ్ళీ ఎత్తుకోవాలి.

యాస గురించి మొహమాటం అసలు వద్దు. ఇంట్లో పని కోసం రాసే పాట ఇంటి మాటలోనే ఉండాలి. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ పోరాటం జరిగిన నేల మీద ఉండి "ఏటి" అని రాయడానికి వెనకాడనక్కరలేదు. బ్రష్, పేస్టు, టవల్, ఆటో కూడా అంతే. పిల్లలు ఏ మాట అంటారో అదే తెలుగు. బూట్ల పాట ఒకటి మీ ఇంటి మాటలో:

ఏటే బూటా ఎటు పోయేవే
మంచం కింద మకాం పెట్టేవే
జత నీదొకటే జాడే లేదే
ఆటో అన్నా హారన్ కొట్టే

ఇందులో చూడండి, పుస్తక భాషలో "ఏమిటే" అంటే ఒక మాత్ర పెరిగి నడక కుంటుతుంది. "ఏటే" అంటే సరిగ్గా నాలుగు. అంగన్‌వాడీకి ఇచ్చే కాగితంలో కూడా ఇలాగే ఉంచండి. వేరే యాస మాట్లాడే ఇంటివాళ్ళు తమకు తగ్గట్టు మార్చుకుంటారు.

నిద్ర పాటకు మాత్రం వేరే నడక తీసుకోవాలి. నాలుగు నాలుగుల నడక కాళ్ళను లేపుతుంది, మంచం మీద గెంతిస్తుంది. నిద్రకు మూడూ నాలుగూ కలిసిన ఏడు మాత్రల నడక, మిశ్రగతి కావాలి. ఒకవైపు కొంచెం ఎక్కువ ఒరిగే ఊయలలా ఉంటుంది. ఇప్పటి అనకాపల్లి జిల్లా ఎస్. రాయవరంలో 1862లో పుట్టిన గురజాడ అప్పారావు 1910లో తెచ్చిన ముత్యాల సరం అనే ఛందస్సుది ఈ నడకే. మూడు పాదాలకు పద్నాలుగేసి మాత్రలు, నాలుగో పాదం కురచ. ఆ చివరి పాదం సగంలోనే ఆగిపోవడం నిద్రకు చాలా మేలు చేస్తుంది, మాట అలా జారిపోయినట్టుంటుంది:

పడవ ఒడ్డుకు చేరె మెల్లగ
వలలు మడతై ఒరిగె పక్కకు
కొండమీదను దీపమొక్కటి
మేలుకున్నది

బస్సు షెడ్డున గురక పెట్టెను
చెప్పులలసెను గడప పక్కన
దిండు చెవిలో ఊసులాడెను
నిద్ర రమ్మని

కొండమీది దీపమంటే డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌసే. బీచ్ నుంచి ఒకసారి చూపించి ఉంచితే రాత్రి పాటలో పిల్లలు దాన్ని పోల్చుకుంటారు. ఈ పాటలో ప్రశ్నలు ఉండకూడదు, శబ్దాలు ఉండకూడదు, పిల్లవాడు పూరించే ఖాళీ ఉండకూడదు. పొద్దుటి పాటలో మంచివైనవన్నీ ఇక్కడ చెడ్డవే. ప్రతి పాదంలోనూ ఏదో ఒకటి ఆగిపోవాలి, ఆరిపోవాలి, ఒరిగిపోవాలి. గొంతు పాదం పాదానికీ తగ్గించండి.

రాశాక పరీక్ష మూడు చోట్ల చేయండి. మొదట మీరే ఆ పని చేస్తూ పాడాలి, పాడుతూ చేయడం కాదు. చేయి ముందు, గొంతు వెనక. తడబడ్డ చోట గీత పెట్టండి. తరవాత పాటను ఎప్పుడూ వినని మనిషికి కాగితం ఇచ్చి చదివించండి. మీకు రాగం తెలుసు కాబట్టి తప్పులను గొంతుతో కప్పేస్తారు, వాళ్ళు కప్పలేరు. వాళ్ళు ఆగిన ప్రతి చోటా మాత్ర ఎక్కువో తక్కువో ఉంటుంది. చివరి పరీక్ష పిల్లలది. నాలుగైదు రోజులు పాడాక పాదం చివరి మాట మింగేయండి. చేతుల పాటలో "పంపును తిప్పితె..." అని ఆపితే "పారే నురగా" అని అందుకోవాలి. అందుకోలేదంటే ఆ పాదం బాగా లేదు, మార్చండి.

ఒక పనికి ఒక్కటే పాట. రోజుకో కొత్త పాట రాస్తే పిల్లలు పాటను వింటారు, పనిని మరిచిపోతారు. పాట వినగానే చేయి కదలాలంటే అదే పాట వారాల తరబడి ఉండాలి. అదే పాటను ఆటోలోనూ, చుట్టాల ముందూ పాడించకండి. పాటకూ పనికీ ఉన్న ముడి వదులవుతుంది. పిల్లలు మాటలు మార్చేస్తే, జంతిక పోయి చేగోడీ వస్తే, సంతోషంగా వాళ్ళ మాటే పాడండి.

ఆలస్యమైన రోజున ఇంకో ప్రమాదం ఉంది. ఎనిమిదికి ఆటో, ఏడూ నలభైకి బాబు ఇంకా దుప్పట్లోనే. అప్పుడు మనకు తెలియకుండానే పాట వేగం పెరుగుతుంది, గొంతు పెరుగుతుంది, అదే పాట కేకలా మారుతుంది. ఆ పూట పాదాలు తగ్గించండి గానీ వేగం పెంచకండి. బూట్ల పాట మొదటి రెండు పాదాలతో ఆపేయొచ్చు. పళ్ళ పాటకు మాత్రం ఈ మినహాయింపు లేదు, రెండు నిమిషాలూ రెండు నిమిషాలే. సమయం మిగల్చాలంటే ఇంకో పనిలో మిగల్చండి.

ఇక కాగితం. ఒక కాగితానికి ఒకటే పాట. పుస్తకంలా కుట్టించకండి, పళ్ళ పాట వాష్‌బేసిన్ దగ్గరా, బూట్ల పాట గుమ్మం దగ్గరా ఉంటేనే ప్రయోజనం. పళ్ళ పాట, జడ పాట పెద్దవాళ్ళు పాడేవి కాబట్టి పెద్దవాళ్ళ కళ్ళ ఎత్తులో అంటించాలి. చేతుల పాటను పిల్లల ఎత్తులో పెట్టి, పాదం పక్కన ఆ పని బొమ్మ వేయాలి. ఆ వయసుకు చదవడం రాదు, బొమ్మే చదువుతారు. పాదాన్ని మధ్యలో విరిచి రెండు వరసలు చేయొద్దని అచ్చువేసేవాళ్ళకు ముందే చెప్పండి. చోటు చాలకపోతే అక్షరం సైజు తగ్గించడమో కాగితం అడ్డంగా తిప్పడమో చేయాలి. టీచరుగారి కోసం అడుగున చిన్న అక్షరాలతో వేగం రాయండి: "పాదానికి నాలుగు సెకన్లు", "పాదానికి మూడు సెకన్లు" అని. సముద్రపు తేమకు మన ఊళ్ళో మామూలు కాగితం నెల తిరక్కుండా మెత్తబడి గోడ నుంచి ఊడిపోతుంది. అందుకని లామినేషన్ చేయించి, నాలుగు అంచులూ మూసుకుపోయేలా ఒక వేలు వెడల్పు ప్లాస్టిక్ వదిలి కత్తిరించమనండి. అంచు దాకా కత్తిరిస్తే లోపలికి నీళ్ళు దిగుతాయి. జంతిక ఉన్న చోట మాత్రం రెండు అంగుళాల ఖాళీ గడి వదిలిపెట్టండి, ఒక్కో పిల్లా తన ఇంట్లో నిన్న తిన్నదేదో చెబితే పెద్దవాళ్ళు వైట్‌బోర్డ్ పెన్నుతో బొమ్మ వేసి, మర్నాడు తుడిచేసి కొత్తది వేయొచ్చు.